ఈ ప్యాకెట్ ఎవరిది?

గ్రహాంతరవాసి కళ్లతో మనిషి శృంగారాన్ని చూపించి నవ్వించే కథలు రెండున్నర శతాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. ఆ నవ్వు వెనకున్న ప్రశ్నకు జవాబు చెప్పని దేశంలో మూల్యం చెల్లిస్తున్నది ఆడవాళ్లు

ఆ గ్రహంలో అందరూ మగవాళ్లే. ప్రేమ లేదు, కోపం లేదు, కోరిక అసలే లేదు. తరతరాలుగా క్లోనింగ్ ద్వారానే సంతానాన్ని తయారు చేసుకుంటూ రావడంతో వాళ్ల జననాంగాలు కూడా క్షీణించి మాయమయ్యాయి. ఇప్పుడు వాళ్ల కన్ను భూమి మీద పడింది. ఒకణ్ని అక్కడికి పంపాలి, ఎవరో ఒక స్త్రీని గర్భవతిని చెయ్యాలి, ఆ బిడ్డతో విశ్వవిజయం మొదలుపెట్టాలి. ఎంపికైన అభ్యర్థికి ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలో క్లాసులు పెట్టి మరీ నేర్పుతారు. ఆమె ఏం చెప్పినా తలూపడం, మధ్యమధ్యలో ఏదో ఒకటి మెచ్చుకోవడం అందులో ముఖ్యమైన పాఠాలు. లేని అవయవం స్థానంలో ఒక యంత్రాన్ని అమర్చి భూమికి పంపిస్తారు. చిక్కల్లా ఒక్కటే. కోరిక కలిగినప్పుడల్లా అది మిక్సీలా రొద చేస్తుంది.

2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'వాట్ ప్లానెట్ ఆర్ యూ ఫ్రమ్?' కథ ఇది. 'ది గ్రాడ్యుయేట్'కు ఆస్కార్ అందుకున్న మైక్ నికోల్స్ దీని దర్శకుడు. టీవీ హాస్యనటుడు గ్యారీ షాండ్లింగ్ హీరో, అనెట్ బెనింగ్ హీరోయిన్. ఇంత మంది హేమాహేమీలున్నా సినిమా బాక్సాఫీసు దగ్గర బోల్తా కొట్టింది. అయినా ఈ తరహా కథల కిటుకంతా ఆ ఫ్లాప్ సినిమాలోనే దొరుకుతుంది. గ్రహాంతరవాసికి క్లాసులో నేర్పిన చిట్కాలు భూమ్మీద మగవాళ్లు రోజూ వాడేవే. అతను వాటిని బట్టీ పట్టి అప్పజెబుతాడు కాబట్టి నవ్వొస్తుంది. నవ్వులపాలయ్యేది అతను కాదు, మనం.

శృంగార కామెడీకి, సైన్స్ ఫిక్షన్‌కు ముడిపెట్టి తీసిన సినిమాలు బోలెడు. చాలావరకు చౌకబారు సరుకే. కానీ వాటన్నిటికీ ఆధారమైన సూత్రం మాత్రం చౌకబారుది కాదు. వేరే లోకం నుంచి ఒకడు వస్తాడు. అతనికి మన భాష తెలియకపోవచ్చు, మన బట్టలు తెలియకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మన సిగ్గు తెలియదు. అందుకే నలుగురిలో అడగకూడని ప్రశ్న అడిగేస్తాడు. జవాబు చెప్పాల్సిన పెద్దమనిషి నీళ్లు నములుతాడు. అదే ప్రశ్న పక్కింటి కుర్రాడు అడిగితే చెంప పగులుతుంది. గ్రహాంతరవాసి అడిగితే హాలంతా నవ్వుతుంది.

భూతద్దంలో మనిషి

ఈ కిటుకును కనిపెట్టింది హాలీవుడ్ కాదు. 1752లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ 'మైక్రోమెగాస్' అనే కథ రాశాడు. సిరియస్ నక్షత్రం దగ్గరి నుంచి ఒక మహాకాయుడు, శనిగ్రహం నుంచి మరొకడు బయల్దేరి భూమి మీదికి వస్తారు. వాళ్ల ముందు మనుషులు సూక్ష్మజీవుల కన్నా చిన్నవాళ్లు. హారంలోని వజ్రాలనే భూతద్దాలుగా మార్చుకుని, ఓడలో వెళ్తున్న కొందరు తత్వవేత్తలను పరిశీలిస్తారు. ఆ చిన్న ప్రాణుల కదలికలు చూసి శనిగ్రహవాసి సంబరపడిపోతాడు. సంతానోత్పత్తి కార్యంలో ఉండగా ప్రకృతిని పట్టేసుకున్నానని అనుకుంటాడు. అది అతని పొరపాటని వోల్టేర్ అక్కడే చెబుతాడు.

ఆ చిన్న హాస్యంలో రెండు సంగతులున్నాయి. మనిషిని బయటి నుంచి చూసేవాడికి మొదట ఆసక్తి కలిగేది ఆ విషయం మీదే. మొదట తప్పుగా అర్థం చేసుకునేదీ దాన్నే. ఆ తర్వాత వచ్చిన కథలన్నీ ఈ రెండు సంగతుల చుట్టూ తిరిగాయి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికలు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఈ విషయాన్ని దరిచేరనివ్వలేదు. రాకెట్లు, రోబోలు, అంతరిక్ష యుద్ధాలు ఉండొచ్చు కానీ పడకగది ఉండకూడదు. 1952లో ఫిలిప్ హోసే ఫార్మర్ రాసిన 'ది లవర్స్' ఆ కట్టును తెంచింది. భూమి నుంచి వెళ్లిన ఒక మనిషికి, మరో గ్రహపు స్త్రీరూప జీవికి మధ్య నడిచిన ప్రేమకథ అది. అప్పట్లో ఆ రంగాన్ని ఏలుతున్న ఇద్దరు సంపాదకులు, జాన్ క్యాంప్‌బెల్, హెచ్.ఎల్. గోల్డ్, దాన్ని తిప్పి పంపారు. చివరికి 'స్టార్ట్‌లింగ్ స్టోరీస్' పత్రిక వేసుకుంది. మరుసటి ఏడాది ఫార్మర్‌కు కొత్త రచయితగా హ్యూగో అవార్డు వచ్చింది.

అంతరిక్షంలో పెద్దలకు మాత్రమే

సినిమాలో ఈ తరహాకు ఊపు తెచ్చింది 1968లో వచ్చిన 'బార్బరెల్లా'. జీన్ క్లాడ్ ఫారెస్ట్ గీసిన ఫ్రెంచి బొమ్మల కథకు రోజర్ వాదిమ్ తెరరూపం ఇచ్చాడు. జేన్ ఫోండా కథానాయిక. ఇందులో వ్యవహారం తిరగబడింది. కొత్త లోకాలకు వెళ్లేది భూలోకపు యువతే. 41వ శతాబ్దపు భూమి మీద శృంగారమంటే జంట చెరో మాత్ర మింగి, అరచేయీ అరచేయీ కలిపి కూర్చోవడం. పాత పద్ధతి ఒకటుందని ఆమెకు వేరే గ్రహంలోనే తెలిసొస్తుంది. గర్భనిరోధక మాత్ర అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఎనిమిదేళ్లకు విడుదలైన ఈ సినిమా అప్పటి తరాన్ని ఆటపట్టించింది. అన్నీ శుభ్రంగా, ప్రమాదం లేకుండా, మాత్రల్లో దొరికితే మనిషికి ఇంకేం మిగులుతుందన్నది అందులోని చమత్కారం.

ఆ తర్వాత దశాబ్దంలో దిగుమతి అయిన గ్రహాంతరవాసులకు ఇంత ఆలోచన లేదు. 1979లో నార్మన్ వారెన్ తీసిన బ్రిటిష్ సినిమా 'అవుటర్ టచ్' (అమెరికాలో 'స్పేస్డ్ అవుట్') వాటికి మచ్చు. ముగ్గురు గ్రహాంతర యువతుల నౌక ఇంగ్లండ్‌లో దిగుతుంది. దొరికిన కొద్దిమంది మనుషుల్ని పట్టుకెళ్లి, మగవాడు అనే వింత ప్రాణిని పరిశోధిస్తారు. పేరుకు పరిశోధన, చూపించేది మాత్రం ఒంటి మీద బట్టలు నిలవని యువతులను. ప్రశ్న అడగాల్సినవాళ్లే ప్రదర్శన వస్తువులయ్యారు. ఈ తరహాకు చెడ్డపేరు తెచ్చింది ఇలాంటి సినిమాలే. పరిశోధకుల వేషంలో ఉన్నది ఆడవాళ్లే అయినా, కెమెరా వెనక చూపు మగవాడిదే.

ఎనభైల్లో గాలి మారింది. సోవియట్ యూనియన్ నుంచి వలస వెళ్లిన స్లావా సుకర్‌మాన్ 1982లో న్యూయార్క్‌లో 'లిక్విడ్ స్కై' తీశాడు. కంచమంత అంతరిక్ష నౌక ఒకటి మన్‌హాటన్‌లో ఒక ఇంటి కప్పు మీద వాలుతుంది. అది వచ్చింది మాదకద్రవ్యం కోసం. సుఖానుభూతి పతాక స్థాయిలో మనిషి మెదడులో ఊరే రసాయనం అంతకన్నా రుచిగా ఉందని తెలుసుకుంటుంది. అక్కడి నుంచి హీరోయిన్‌తో గడిపిన వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు చనిపోతారు. ఆన్ కార్లైల్ అనే నటి ఆ హీరోయిన్ పాత్రనూ, ఆమెను ద్వేషించే యువకుడి పాత్రనూ తనే వేసింది. ఎయిడ్స్ అనే పేరు వైద్యుల వాడుకలోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. సినిమా దాని గురించి తీసింది కాదు. కానీ పడకగదిలోకి చావు అడుగుపెట్టిన ఆ కాలపు భయం ఈ నల్లటి హాస్యంలో కనబడుతుంది.

1988 నాటి 'ఎర్త్ గర్ల్స్ ఆర్ ఈజీ' అందుకు పూర్తి విరుద్ధం. లాస్ ఏంజెలిస్ శివార్లలో గోళ్లకు రంగులేసే అమ్మాయి ఇంటి ఈతకొలనులో ముగ్గురు బొచ్చు మనుషులు నౌకతో సహా వచ్చి పడతారు. బ్యూటీ సెలూన్‌లో గొరిగేసరికి ముగ్గురూ అందగాళ్లు. జీనా డేవిస్, జెఫ్ గోల్డ్‌బ్లమ్, అప్పటికి పెద్దగా పేరులేని జిమ్ క్యారీ నటించారు. పెళ్లి చేసుకోబోయే డాక్టరు మోసగాడని తెలిసిన ఆ అమ్మాయికి, ఏమీ తెలియని పరాయివాడే మేలనిపిస్తాడు.

1996 నుంచి 2001 దాకా నడిచిన టీవీ సీరియల్ 'థర్డ్ రాక్ ఫ్రమ్ ది సన్' ఇంకో మెట్టు ఎక్కింది. మనుషుల్ని అధ్యయనం చెయ్యడానికి ఒహాయోలో కాపురం పెట్టిన నలుగురు గ్రహాంతరవాసుల్లో ఒక సైనికాధికారికి ఆడ శరీరం కేటాయిస్తారు. ఆ ఒంట్లోకి దిగిన దగ్గర్నుంచీ జనం తనతో ఎందుకు వేరేగా మాట్లాడుతున్నారో ఆ అధికారికి అంతుబట్టదు. స్త్రీవాద వ్యాసం వంద పేజీల్లో చెప్పేదాన్ని ఆ పాత్ర ఇరవై రెండు నిమిషాల్లో నవ్వుతూ చెప్పేది.

పులిని చూసినట్టు

1999లో జెఫ్ అబుగోవ్ తీసిన 'ది మేటింగ్ హ్యాబిట్స్ ఆఫ్ ది ఎర్త్‌బౌండ్ హ్యూమన్' ఈ సూత్రాన్ని చివరిదాకా లాగింది. సినిమా మొత్తం ఒక డాక్యుమెంటరీ. సింహాల మీద, జింకల మీద టీవీలో వచ్చేలాంటిదే. తేడా అల్లా జంతువు మనిషి కావడం, వ్యాఖ్యాత గ్రహాంతరవాసి కావడం. నైట్‌క్లబ్‌లో ఒక మగ ప్రాణి, ఒక ఆడ ప్రాణి ఎదురుపడటం దగ్గర్నుంచి గర్భం, పేచీలు, రాజీ దాకా అన్నిటినీ అతను పండితుడి గొంతుతో వివరిస్తాడు. దాదాపు ప్రతిదీ తప్పే. తెరమీద కనిపిస్తున్నది ఒకటి, వినిపిస్తున్నది ఇంకొకటి. ఆ రెంటి మధ్య సందులోంచి నవ్వు పుడుతుంది.

ఇది హాస్యమే అయినా, నిజంగా ఇలాగే చూసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. అమెరికాలో 1948, 1953ల్లో స్త్రీ పురుషుల లైంగిక ప్రవర్తన మీద సంచలన నివేదికలు వెలువరించిన ఆల్ఫ్రెడ్ కిన్సే డాక్టరు కాదు, మనస్తత్వవేత్త కాదు. గాల్ వాస్ప్ అనే చిన్న కందిరీగల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జంతుశాస్త్రజ్ఞుడు. కందిరీగల్ని ఏరినట్టే వేల మంది ఇంటర్వ్యూలు సేకరించాడు. మంచీ చెడూ అనకుండా ఎవరేం చేస్తున్నారన్నదే రాసుకున్నాడు. 1967లో 'ది నేకెడ్ ఏప్' రాసి మనిషిని బొచ్చులేని కోతిగా వర్ణించిన డెస్మండ్ మోరిస్ కూడా జంతుశాస్త్రజ్ఞుడే. సిగ్గు అడ్డు రాకుండా మనిషిని చూడాలంటే ముందు అతణ్ని పరాయివాడిగా చూడగలగాలి. కిన్సే నోట్‌బుక్‌తో చేసిన పనిని సినిమావాళ్లు ఎగిరే పళ్లెంతో చేశారు.

ఇంద్రలోకం నుంచి ఢిల్లీకి

ఇండియాలో పరలోకవాసి భూమికి రావడం కొత్తేమీ కాదు. దానికి ఎగిరే పళ్లెం కూడా అక్కర్లేదు. తెలుగు ప్రేక్షకుడికైతే ఇది తాతల నాటి పరిచయం. 'యమగోల' (1977)లో యముడు, చిత్రగుప్తుడు భూమి మీద నానా తిప్పలు పడ్డారు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో శ్రీదేవి వేసిన ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుని స్వర్గానికి తిరిగి వెళ్లే దారిలేక ఒక గైడు ఇంట్లో చేరుతుంది. భూలోకపు మర్యాదలు తెలియక ఆమె చేసే పనులే ఆ సినిమాలో సగం వినోదం. అయితే మన దేవకన్యలు ప్రేమ గురించి అడిగారు, ఆకలి గురించి అడిగారు. అంతకు మించి అడగలేదు.

అడిగినవాడు 2014 డిసెంబర్ 19న వచ్చాడు. రాజ్‌కుమార్ హిరానీ 'పీకే'లో ఆమిర్ ఖాన్ రాజస్థాన్ ఎడారిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగుతాడు. ఇంద్రజకు ఉంగరం పోయినట్టే అతనికి నౌకను పిలిచే రిమోట్ పోతుంది. ఎవరో దొంగ లాక్కుపోయాడు. అతని లోకంలో బట్టల్లేవు, మాటల్లేవు. చేతులు పట్టుకుంటే మనసులో ఉన్నది తెలిసిపోతుంది. భాష నేర్చుకుందామని కనబడిన వాళ్ల చేతులు పట్టుకోబోతే తన్నులు తింటాడు. చివరికి చేయి పట్టుకోనిచ్చింది ఒక వేశ్య. ఆరు గంటలపాటు ఆమె చేయి పట్టుకుని కూర్చుని భోజ్‌పురి నేర్చుకుంటాడు. ఊగుతున్న కార్ల దగ్గర బట్టలు దొరుకుతాయని కనిపెడతాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి పట్టదు. దేశంలో పడుచు జంటలకు కారు తప్ప మరో చోటు లేదన్న సంగతి మాత్రం ప్రేక్షకుడికి గుర్తొస్తుంది.

అసలు ఘట్టం ఆ తర్వాతిది. ఢిల్లీలో ఒక టీవీ చానల్ ఆఫీసులో కింద పడి ఉన్న కండోమ్ ప్యాకెట్ పీకే కంటపడుతుంది. ఎవరో పోగొట్టుకున్నారనుకుని, మంచివాడు కాబట్టి, సొంతదారుకి అప్పగిద్దామని బయల్దేరతాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఇది మీదేనా అని అడుగుతాడు. అది నాదేనని చెప్పే మగాడు ఒక్కడూ ఉండడు. పర్సో, పెన్నో దొరికి ఉంటే సొంతదారు వెంటనే దొరికేవాడు. ఈ ఒక్క వస్తువుకే యజమాని లేడు. కుటుంబాలతో నిండిన హాళ్లు ఆ సన్నివేశానికి పగలబడి నవ్వాయి. ప్రపంచవ్యాప్తంగా 700 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిన సినిమా అది.

నిరసన ఎందుకొచ్చింది?

గొడవ అంతకుముందే మొదలైంది. ఆ ఏడాది ఆగస్టు నెల మొదట్లో రైలు పట్టాల మధ్య ఒక టేప్ రికార్డర్ మాత్రమే అడ్డుపెట్టుకుని నిలబడ్డ ఆమిర్ పోస్టర్ వెలువడింది. అశ్లీలమంటూ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఇష్టం లేకపోతే చూడకండంటూ ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా నేతృత్వంలోని ధర్మాసనం దాన్ని కొట్టేసింది. సినిమా వచ్చాక అభ్యంతరం ఇంకోవైపు మళ్లింది. దొంగ బాబాల మీద, మత విశ్వాసాల మీద పీకే వేసిన ప్రశ్నలు కొన్ని సంస్థలకు కోపం తెప్పించాయి. అహ్మదాబాద్, భోపాల్‌లలో థియేటర్ల మీద దాడులు జరిగాయి. ఉత్తరప్రదేశ్, బిహార్ ప్రభుత్వాలు మాత్రం వినోదపు పన్ను మినహాయించాయి. ఇంత రభసలో కండోమ్ సన్నివేశం గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు. సెన్సార్ బోర్డు కూడా సినిమాకు యు/ఎ ఇచ్చింది. అంటే పెద్దల తోడుతో పిల్లలూ చూడొచ్చు.

తొమ్మిదేళ్ల తర్వాత అదే సూత్రంతో ఇంకో సినిమా వచ్చింది. అమిత్ రాయ్ తీసిన 'ఓ మై గాడ్ 2' (2023)లో పరలోకం నుంచి వచ్చేది గ్రహాంతరవాసి కాదు, శివుడి దూత. స్కూల్ టాయ్‌లెట్‌లో హస్తప్రయోగం చేసుకుంటుండగా తీసిన వీడియో బయటికొచ్చి ఒక కుర్రాడు స్కూల్ నుంచి బహిష్కారానికి గురవుతాడు. తండ్రి పాత్రలో పంకజ్ త్రిపాఠీ కోర్టుకెక్కి, పాఠశాలలో లైంగిక విద్య చెప్పకపోవడం మీ తప్పని వాదిస్తాడు. సెన్సార్ బోర్డు రెండు డజన్లకు పైగా మార్పులు చేయించింది. అక్షయ్ కుమార్ పాత్ర శివుడి నుంచి దూతగా మారింది అప్పుడే. అన్నీ చేశాక ఇచ్చిన సర్టిఫికెట్ 'ఎ'. పదిహేనేళ్ల పిల్లలకు చెప్పాల్సిన సంగతులున్న సినిమాను పద్దెనిమిది నిండనివాళ్లు హాల్లో చూడకుండా పోయింది. విచిత్రమేమిటంటే, సినిమా విడుదలకు పదకొండు రోజుల ముందే పార్లమెంటు 7, 13, 16 ఏళ్ల వయసులను బట్టి యు/ఎను మూడుగా విడగొట్టే చట్ట సవరణకు ఆమోదం తెలిపింది.

రెండు సినిమాల మధ్య తేడా ఇక్కడే ఉంది. పీకే అడిగి ఊరుకున్నాడు, జనం నవ్వి ఊరుకున్నారు. రెండో సినిమా జవాబు కూడా చెప్పబోయింది. కత్తెర అక్కడ పడింది.

బడిలో వద్దు, టీవీలో వద్దు

తెర మీద కనిపించిన ఈ జంకు బడిలోనూ ఉంది. కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 2005లో కౌమార విద్యా కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. రెండేళ్లు తిరగకముందే మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక తదితర రాష్ట్రాలు దాన్ని నిలిపేశాయి. వాటిలో కాంగ్రెస్ ప్రభుత్వాలూ ఉన్నాయి, బీజేపీ ప్రభుత్వాలూ ఉన్నాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో పాఠశాలల్లో లైంగిక విద్య వద్దని సిఫార్సు చేసింది. 2017 డిసెంబర్‌లో కండోమ్ ప్రకటనలను రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల మధ్యే చూపాలని సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ టీవీ చానళ్లకు సూచించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మాత్రం లైంగిక విద్య పాశ్చాత్య భావన అనే అపోహను తప్పుపట్టింది. దానికి నిపుణుల కమిటీ వేసే విషయం పరిశీలించమని కేంద్రానికి చెప్పింది.

బడిలో దొరకని జవాబు కోసం జనం పత్రికలను ఆశ్రయించారు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం 'స్వాతి' వారపత్రికలో దశాబ్దాల తరబడి నడిపిన ప్రశ్నలు, జవాబుల శీర్షిక తెలుగునాట ఒక తరానికి బడిలో లేని పాఠ్యపుస్తకం. ముంబైలో డాక్టర్ మహీందర్ వత్స 2005 నుంచి చివరి రోజుల దాకా 'ముంబై మిర్రర్' పాఠకులకు అదే సేవ చేశాడు. ఎంత అమాయకమైన ప్రశ్నకైనా చమత్కారంగా జవాబివ్వడం ఆయన ప్రత్యేకత. 2020లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఈ శీర్షికలకు ఉత్తరాలు రాసినవాళ్లు పేర్లు దాచుకున్నారు. ఒక రకంగా వాళ్లు కూడా వేషం మార్చుకున్న గ్రహాంతరవాసులే.

సర్కారు సైతం ఒక దశలో నవ్వును నమ్ముకుంది. బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్ట్ 2008లో చేపట్టిన ఎయిడ్స్ నివారణ ప్రచారంలో 'కండోమ్' అన్న ఒక్క మాటనే పదేపదే పాడే మొబైల్ రింగ్‌టోన్ విడుదలైంది. ఎయిడ్స్ తాకిడి ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో ఈ ప్రచారం సాగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. పదిమందిలో ఆ మాట వినిపిస్తే జంకు పోతుందన్నది ఆలోచన. పీకే ఆఫీసంతా తిరిగి చేసిందీ అదే.

లెక్కల్లోనూ యజమాని లేడు

ఇదంతా సిగ్గు, మర్యాద, సంస్కృతి గురించిన ముచ్చటే అయితే నవ్వి వదిలేయొచ్చు. కానీ ఆ ప్యాకెట్‌కు యజమాని లేడన్నది సినిమా హాస్యం మాత్రమే కాదు. అది ప్రభుత్వ లెక్కల్లోనూ ఉంది.

1968లో కేంద్రం 'నిరోధ్'ను మూడింటికి 15 పైసల చొప్పున మార్కెట్లోకి తెచ్చింది. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థను వాడుకుని ఊరూరా చేర్చింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 2019-21లో జరిపిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం తేల్చింది? దేశంలో వివాహిత స్త్రీలలో 37.9 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. కండోమ్ మీద ఆధారపడినవాళ్లు 9.5 శాతం. భర్త వేసెక్టమీ చేయించుకున్నవాళ్లు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు దాదాపు 70 శాతం. అక్కడ కండోమ్ వాటా ఒక శాతం కూడా లేదు. తెలంగాణలోనూ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు 60 శాతం పైనే. గర్భనిరోధం ఆడవాళ్ల పని, మగవాడు పట్టించుకోనక్కర్లేదని అదే సర్వేలో 35 శాతం మగవాళ్లు చెప్పారు.

దీనికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. 1975-77 ఎమర్జెన్సీలో మగవాళ్లకు బలవంతంగా చేసిన ఆపరేషన్లు ప్రభుత్వాలనే కూల్చాయి. అప్పటి నుంచి ఏ పార్టీ మగవాళ్ల జోలికి వెళ్లే సాహసం చెయ్యలేదు. లక్ష్యాలు, నజరానాలు, శిబిరాలు అన్నీ స్త్రీల వైపు మళ్లాయి. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఒకేసారి పని అయిపోతుందని ఆపరేషన్‌ను కోరుకునే స్త్రీలూ లేకపోలేదు. కానీ భార్యాభర్తలిద్దరూ ఒక చిన్న ప్యాకెట్ గురించి నోరువిప్పి మాట్లాడుకోలేని ఇంట్లో, మాట్లాడనక్కర్లేని ఉపాయం ఆపరేషనే.

అది ఎంత ఖరీదైనదో 'పీకే' విడుదలకు ఆరు వారాల ముందు దేశం చూసింది. 2014 నవంబర్ 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక ప్రభుత్వ శిబిరంలో 83 మంది స్త్రీలకు కొన్ని గంటల వ్యవధిలో ట్యూబెక్టమీ చేశారు. పది మందికి పైగా చనిపోయారు. అందరూ పేద కుటుంబాల పడుచు తల్లులే. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబర్‌లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు మూడేళ్లలో ఇలాంటి శిబిరాల పద్ధతికి స్వస్తి పలకాలని ఆదేశించింది.

హాస్యానికి చట్టాలు మార్చే శక్తి లేదు. 'పీకే' చూసి నవ్విన కోట్ల మందిలో ఎంతమంది మందుల షాపుకెళ్లి గొంతు తగ్గించకుండా అడిగారో చెప్పే లెక్క ఏ సర్వేలోనూ ఉండదు. అయితే ఆ సినిమా వదిలిన దారిలో ఆ తర్వాత కొందరు నడిచారు. కండోమ్‌ల దోపిడీతో కథ నడిపిన 'హెల్మెట్' (2021), వాటిని అమ్మే అమ్మాయి కథ 'జన్‌హిత్ మే జారీ' (2022), వాటి నాణ్యత పరీక్షించే ఉద్యోగినిగా రకుల్ ప్రీత్ సింగ్ నటించిన 'ఛత్రీవాలీ' (2023) హిందీలో వచ్చాయి. వీటిలో గ్రహాంతరవాసి లేడు. ప్రశ్నలడుగుతున్నది ఈ లోకపు మనుషులే, అందులో ఇద్దరు ఆడవాళ్లు.

వోల్టేర్ కథలో శనిగ్రహవాసికి భూతద్దం కావలసి వచ్చింది. ఇక్కడ అంత అవసరం లేదు. ఏ ఊళ్లోనైనా మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. రద్దీ తగ్గేదాకా పక్కకు నిలబడే కుర్రాడు, పేరు పలక్కుండా వేలు చూపించే మధ్యవయస్కుడు, అడక్కుండానే కాగితంలో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇచ్చే షాపు యజమాని కనబడతారు. ఆ వీధి చివర ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ కోసం వరుసలో కూర్చున్న ఆడవాళ్లకు మాత్రం ఏ కవరూ ఉండదు.